రత్తమ్మ చెప్పిన ఉప్పెన

మా వీధిలోకి నీళ్ళు వచ్చిన రోజు నేను తిరుపతిలో లేను. మోకాలికి ఆపరేషన్ చేయించుకున్న మా చెల్లెలికి తోడుగా చిత్తూరులో ఉన్నాను. దారులు తెరుచుకుని, పూతలపట్టు మీదుగా బస్సులు తిరగడం మొదలయ్యాక ఇంటికి వచ్చేసరికి నీళ్ళు తీసేశాయి. గోడల మీద నడుమెత్తున మట్టి గీత ఉంది. వంటింట్లో బురద. పరుపు నుంచి చెరువు అడుగు వాసన. పక్కింటి జయమ్మ నా తాళం పగలగొట్టించి అందినన్ని సామాన్లు మిద్దె మీదికి చేర్పించింది. ఆ మేలు మరిచిపోయేది కాదు. కానీ తర్వాతి రోజుల్లో వీధిలో ఎవరు ఎదురైనా అదే మాట. ఎవరు ఎవరిని ఎత్తుకుని మిద్దె ఎక్కారో, ఎవరి స్కూటరు ఏ సందులో తేలిందో, ఏ ముసలామె పూజగదిలో నుంచి కదలనని మొండికేసిందో. అందరి ఫోన్లలోనూ వీడియోలు. నేను చూస్తాను, అయ్యో అంటాను, ఫోను తిరిగి ఇచ్చేస్తాను. "నువ్వు ల్యాకపోతివి అక్కా, ఉండుంటే నీ గుండె ఆగిపోయుండు" అంది జయమ్మ. ఆమె నా మంచి కోరే అంది. నాకు మాత్రం ఆ మాట గొంతులో చేప ముల్లులా ఉండిపోయింది. ఇల్లు నాది, తడిసిన గుడ్డలు నావి, పోయిన పుస్తకాలు నావి. ఆ నీళ్ళు మాత్రం నావి కావు. వీధి మొత్తానికీ ఒక కథ ఉంది, నాకు లేదు.

అప్పటినుంచి నాకు ఒక అశాంతి పట్టుకుంది. వరదల మీద, తుపానుల మీద, భూకంపాల మీద వచ్చిన నవలలు ఎక్కడ దొరికితే అక్కడ తెచ్చుకుని చదవడం మొదలుపెట్టాను. ఈ వయసులో కుదురుగా కుర్చీలో కూర్చుని చదవాలి కదా. నా వల్ల కావడం లేదు. ఒక పేజీ హాల్లో, ఒక పేజీ వంటింటి గడప మీద, ఒక పేజీ మిద్దె మెట్ల మీద. బిడ్డ చెయ్యి జారిపోయే చోట పుస్తకం మూసేసి వీధి చివరిదాకా నడిచి వస్తాను. వచ్చి మళ్ళీ అదే పేజీ తీస్తాను. మొన్న మా చెల్లెలి కూతురు వచ్చి బల్ల మీది పుస్తకాల దొంతర చూసి, "ఏంటికి పెద్దమ్మా ఈ ఏడుపు పుస్తకాలు, ఉన్న నిద్ర కూడా పోతుంది" అంది. ఏడుపు పుస్తకం. ఆ మాట విని ఎన్నేళ్ళయింది. ఆ మాట మా అవ్వది. అవ్వ వెనకే నగరిలో మా ఇంటి ముందరి తిన్నె, కండెలు చుట్టే రాట్నాల చప్పుడు, గంజి వాసన, రత్తమ్మ, అందరూ ఒకరి తర్వాత ఒకరు వచ్చి కూర్చున్నారు. ఇక వాళ్ళను లేపి పంపడం నా చేతిలో లేదు.

మా ఇంట్లో నాలుగు గుంట మగ్గాలు ఉండేవి. వీధివైపు పొడుగాటి గదిలో నేలలో గుంటలు తవ్వి, మగ్గం ముందు గుంటలోకి కాళ్ళు దించుకుని నేసేవాళ్ళు. రెండు మగ్గాల మీద నాయన, చిన్నాయన నేసేవాళ్ళు, తక్కిన రెండింటి మీద కూలికి వచ్చినవాళ్ళు. పొద్దున్నే వీధిలో పడుగు నూలు బారుగా సాచి గంజి పట్టించేవాళ్ళు. ఎండెక్కేలోగా ఆ పని అయిపోవాలి కాబట్టి ఇంట్లో అందరికీ కాళ్ళకు చక్రాలే. అమ్మ ఒక పొయ్యి మీద మాకు సంగటి, ఒక పొయ్యి మీద నూలుకు గంజి ఒకేసారి కాచేది. ఏ వాసన ఏదో తెలియకుండా ఇల్లంతా ఉడికిన వాసన. మధ్యాహ్నం తిండి అయినాక మగవాళ్ళు మగ్గాల్లోకి దిగితే, ఆడవాళ్ళు మగ్గాలకు నూలు కండెలు చుట్టడానికి రాట్నాలు తీసుకుని తిన్నె మీదికి చేరేవాళ్ళు. మా వాళ్ళే కాదు, ఎదురింటి వాళ్ళు, పక్కింటి వాళ్ళు కూడా ఎవరి రాట్నం వాళ్ళు మోసుకుని వచ్చేవాళ్ళు. ఎందుకంటే మా తిన్నె మీద పుస్తకం చదవడం జరిగేది. చదివేది నేను. వీధిలో ఆడపిల్లల్లో హైస్కూలుకు పోయేది అప్పటికి నేనొక్కదాన్నే.

బస్టాండు పక్కన ఒక అద్దె పుస్తకాల అంగడి ఉండేది. అది నడిపే ఆయప్పకు మా అవ్వ రుచి బాగా తెలుసు. అవ్వకు పెండ్లి కథలు గిట్టవు. "పెండ్లిండ్లు మన ఇండ్లల్లో జరిగేవేగా పాపా, వాటికి పుస్తకం ఏంటికి? ఎవురన్నా మునిగిపోయి తేలింది ఉంటే తే. కాలిపోయి బతికింది ఉంటే తే. ఏడుపు పుస్తకం తే" అని చెప్పి పంపేది. అంగడాయప్ప అలాంటి పుస్తకాలను అరల్లో వెతకక్కర్లేకుండా, అట్ట చూసి తీసేవాడు. "ఇది సూడు పాపా, ఎంతమంది కండ్లనీళ్ళు పడినాయో, అట్ట ఉబ్బిపోయుండాది" అని చూపించేవాడు. రైలు బోల్తా పడిన పుస్తకం చదివాం. గని కూలి లోపల చిక్కుకున్నవాళ్ళ పుస్తకం చదివాం. వరద పుస్తకాలైతే లెక్కలేదు. మా ఊళ్ళో ఆ ఏళ్ళల్లో వానలు లేవు. బావిలో బొక్కెన వేస్తే రాళ్ళ చప్పుడు వచ్చేది. కొళాయి దగ్గర బిందెలు వరసలో పెట్టి, పెట్టిన బిందె ఎవరూ జరపకుండా కాపలాకు నన్ను కూర్చోబెట్టేవాళ్ళు. అక్కడ కూర్చుని నేను ఊళ్ళకు ఊళ్ళు నీళ్ళల్లో కొట్టుకుపోయే పేజీలు ముందుగా చదువుకునేదాన్ని. నీళ్ళకోసం నోరెండిన ఊళ్ళో నీళ్ళ కథలకు అంత గిరాకీ ఏమిటో అప్పుడు ఆలోచించలేదు.

నేను కూర్చుని చదవలేకపోయేదాన్ని. అవ్వ ముక్కుపొడి పీల్చి, కళ్ళు తుడుచుకుని, "కాలుగాలిన పిల్లి మాదిరి తిరగొద్దు మే, ఒక తావ కూసోని సదువు" అని కసిరేది. కూర్చునేదాన్ని. కథలో మంటలు పైకప్పుకు అంటుకోగానే మళ్ళీ లేచేదాన్ని. ఆడవాళ్ళు ఏడ్చేవాళ్ళు, రాట్నాలు మాత్రం ఆగేవి కావు. ఎడమచేత్తో నూలు వదులుతూ, భుజానికి కళ్ళు తుడుచుకుంటూ చుట్టేవాళ్ళు. అయిపోయాక అందరి ముఖాలూ వాన కురిసి వెలిసినట్టు తేటగా ఉండేవి. లేచి, చీరలు దులుపుకుని, "రేపు బిరీన మొదులుపెట్టు పాపా" అని చెప్పి పోయేవాళ్ళు.

అలాంటి రోజుల్లో రత్తమ్మ, ఆమె మొగుడు నాగేశ్వరరావు మా ఇంటికి వచ్చారు. వాళ్ళది కృష్ణా జిల్లాలో సముద్రం పక్క ఊరు. వాళ్ళూ నేత పనివాళ్ళే. సముద్రం ఊళ్ళ మీద పడిందనీ, ఇద్దరు పిల్లలూ, నాగేశ్వరరావు తల్లీ పోయారనీ, ఆ ఊరికి తిరిగి పోలేక పని వెతుక్కుంటూ వస్తున్నారనీ ఎవరో బంధువు చెబితే నాయన ఒక మగ్గం ఇచ్చి, పెరటివైపు వసారా గది ఇచ్చాడు. నాగేశ్వరరావు పొడుగ్గా, కొంచెం వంగి ఉండేవాడు. పొద్దున గుంటలోకి దిగితే అన్నానికి లేచేవాడు, మళ్ళీ దిగేవాడు. మాట లేదు. ఆయన నేసిన బట్టలో ఒక్క పోగు తప్పు ఉండేది కాదని నాయన మెచ్చుకునేవాడు. రత్తమ్మకు ముప్పై నిండి ఉండవు. మా తిన్నె మీద మూలన, వీధికి వీపు పెట్టి కూర్చుని కండెలు చుట్టేది. ఎంత వేగంగా చుట్టేదంటే ఆమె రాట్నం చప్పుడు వేరుగా వినిపించేది.

ఉన్న మాట చెప్పాలి. మా తిన్నె ఆడవాళ్ళకు ఆమె వచ్చినప్పుడు జాలితోపాటు ఒక ఆత్రం కూడా కలిగింది. అన్ని పుస్తకాలు విన్నారు. ఇప్పుడు నిజంగా బతికి బయటపడిన మనిషే వచ్చి పక్కన కూర్చుంది. పుస్తకాల్లో అలాంటివాళ్ళు పేజీలు పేజీలు మాట్లాడతారు. రత్తమ్మ మాట్లాడదు. "పిల్లోళ్ళు ఎట్ల పోయినారమ్మా?" అని ఎదురింటామె ఒకతూరి అడగనే అడిగింది. "పోయారండి" అంది రత్తమ్మ. అంతే. రాట్నం ఇంకొంచెం వేగం పెంచింది. ఆ రోజునుంచి అవ్వ నాకు ఒక కట్టుబాటు పెట్టింది. నిప్పు సరే, రైలు సరే, గనులు సరే. నీళ్ళు వద్దు. రత్తమ్మ ఉన్నంతసేపు తిన్నె మీద నీళ్ళ పుస్తకం తెరవకూడదు.

ఆ కట్టుబాటు ఒక అట్టలేని పుస్తకం వల్ల పోయింది. ముందు పేజీలు రెండో మూడో చినిగి, పేరు కూడా తెలియకుండా ఉన్న పుస్తకం. రైలు కథ అని అంగడాయప్ప చెప్పాడు. మొదట్లో రైలు ఉంది కూడా. పెళ్ళయి కొత్తకాపురానికి పోతున్న అమ్మాయి రైలు దిగి, బండి ఎక్కి, కాలవ దాటి, ఒక ఊరికి చేరుతుంది. ఆ ఊరి చివర సముద్రం ఉందని చదవగానే నా గొంతు తడబడింది. నాలుగు వాక్యాలు దాటేసి చూశాను. 'ఉప్పెన' అని ఒక మాట కనిపించింది. నాకు తెలియని మాట. తెలియకుండానే పైకి చదివేశాను.

"ఉప్పెనంటే ఏంది?" అని అడిగింది అవ్వ.

నేను తల అడ్డంగా ఊపాను, తెలియదని. అప్పుడు మూలనుంచి, వెనక్కి తిరక్కుండా, రత్తమ్మ చెప్పింది. "సముద్రం లేచి రావడమండి."

నేను పుస్తకం మూసేశాను. అవ్వ నావైపు కోపంగా చూసింది. రత్తమ్మ రాట్నం ఆగలేదు. "చదువమ్మాయ్" అంది. నేను అవ్వవైపు చూశాను. "చదువు. ఏం కాదు" అంది మళ్ళీ.

చదివాను. ఎన్ని మధ్యాహ్నాలు పట్టిందో గుర్తు లేదు. ఆ అమ్మాయికి కొడుకు పుడతాడు, కూతురు పుడుతుంది. అత్తగారు నొచ్చుకుంటుంది, మెచ్చుకుంటుంది. ఆ తర్వాత గాలి మొదలవుతుంది. ఉప్పెన వచ్చే ప్రకరణం చదివిన రోజు నాకు బాగా గుర్తుంది. తల్లి చీర విప్పి, తనను, చంటిపిల్లను తాటిచెట్టుకు కట్టుకుంటుంది. కొడుకు చెయ్యి పట్టుకుని ఉంటుంది. నీళ్ళు గుంజుతుంటే ఆ పిల్లవాడు, "అమ్మా, నన్నొదిలెయ్, చెల్లిని పట్టుకో" అంటాడు. ఆ మాట దగ్గర ఎదురింటామె బిగ్గరగా ఏడ్చేసింది. నా గొంతూ పోయింది. గుక్క తిప్పుకుంటున్నప్పుడు తెలిసింది, లోపల ఒక మగ్గం ఆగిపోయి ఉందని. నాయనది, చిన్నాయనది ఆడుతున్నాయి. మూలనున్న నాగేశ్వరరావుది ఆడటం లేదు. బీడీకి లేచాడేమో అనుకున్నాను. ప్రకరణం అయిపోయాక చాలాసేపటికి ఆ మగ్గం మళ్ళీ కదిలింది.

మరునాడు ఆడవాళ్ళంతా కొళాయికి పోయినప్పుడు రత్తమ్మ నా దగ్గరికి వచ్చి, "నిన్నటిది మళ్ళీ చదువుతావా అమ్మాయ్" అని అడిగింది. ఆమెకు చదువు రాదు. చదివాను. ఆ మరునాడు మళ్ళీ. ఏడ్చేది కాదు. నా నోటివైపే చూస్తూ, పెదవులు కొంచెం కదుపుతూ వినేది, చిన్న పిల్లలు ఎక్కం నేర్చుకునేటప్పుడు వింటారే, అలా. పుస్తకం ఇంకా తిరిగి ఇవ్వలేదని అంగడాయప్ప మా చిన్నాయనతో రెండుసార్లు చెప్పి పంపాడు. ఇక ఇచ్చేయక తప్పలేదు.

తర్వాత కొన్నాళ్ళకు, మా వీధికి కొత్తగా పెరుగు తెచ్చే ఆమె తిన్నె మీద కూర్చుని, మాటవరసకు, "మీది యా ఊరమ్మా?" అని రత్తమ్మను అడిగింది. రత్తమ్మ రాట్నం ఆపింది. వీధివైపు తిరిగి కూర్చుంది. చెప్పడం మొదలుపెట్టింది. గాలి ఎలా మొదలైందో చెప్పింది. నీళ్ళు నల్లగా, తాటిచెట్టంత ఎత్తున రావడం చెప్పింది. చీర విప్పి చెట్టుకు కట్టుకోవడం చెప్పింది. "అప్పుడు మా పెద్దాడు అన్నాడండీ, అమ్మా, నన్నొదిలెయ్, చెల్లిని పట్టుకో అని" అంది.

నేను చుట్టూ చూశాను. అక్కడ ఉన్న అందరూ నా నోటినుంచి ఆ మాట విన్నవాళ్ళే, నెల తిరక్కముందు అదే మాటకు ఏడ్చినవాళ్ళే. ఒక్కరి ముఖంలోనూ ఏమీ మారలేదు. "అయ్యో తల్లీ" అన్నారు. ఎదురింటామె, "ఆ తర్వాత?" అని అడిగింది, ఎన్నడూ విననట్టే. రత్తమ్మ చెప్పింది. అందరూ ఏడ్చారు. పెరుగామె కడవ నెత్తికి ఎత్తుకోవడం మరిచి కూర్చుండిపోయింది.

నేను లోపలికి పోయి, ఆకులో సున్నం రాసుకుంటున్న అవ్వ ముందు నిలబడ్డాను. "అవ్వా, అది పుస్తకంలోది."

"తెలుసు."

"మరి ఎవురూ చెప్పరే?"

"చెప్పి?" అంది అవ్వ. ఆకు మడిచి బుగ్గన పెట్టుకుని, నెమ్మదిగా నమిలి, "పుస్తకంలోది అయితే మాత్రం? ఆయమ్మ బిడ్డలు పోకుండా ఉంటారా? ఇన్ని దినాలకు నోట్లోంచి మాట వచ్చింది. ఆ మాట యాడ దొరికిందో మనకేంటికి? నువ్వు గమ్మునుండు" అంది.

నేను గమ్మునున్నాను గాని కుదురుగా లేను. నిజం తెలుసుకోవాలని ఒకటే ఆరాటం. ఒకవేళ ఆమెకు అచ్చం అలాగే జరిగిందేమో, పుస్తకం రాసినవాళ్ళు ఎవరినో అడిగి రాశారేమో అని ఒకరోజు అనుకుంటాను. ఇంత అబద్ధం ఎట్లా ఆడుతుంది అని ఇంకో రోజు. నీళ్ళకు పోతే కొళాయి దగ్గర చెబుతుంది, ఎవరింటికైనా చుట్టాలు వస్తే వాళ్ళకు చెబుతుంది. నేను పక్కనే నిలబడి, గుర్తున్న పుస్తకంతో మనసులోనే సరిచూసేదాన్ని. సరిచూస్తూ ఒకటి గమనించాను. చెప్పినప్పుడల్లా పుస్తకంలో లేనివి ఒకటీ అరా వచ్చి చేరుతున్నాయి. పుస్తకంలోని చంటిపిల్లకు పేరు తప్ప ఏమీ లేదు. రత్తమ్మ చెప్పే పిల్లకు కొత్తగా కుట్టించిన చెవుల్లో ఒకటి చీము పట్టి ఉంది, తల ఆ పక్కకు తిప్పనివ్వదు. పిల్లవాడి జేబులో వేయించిన శెనగలు ఉన్నాయి, తడిసిపోతాయని జేబు మీద చెయ్యి వేసుకుని ఉన్నాడు. అవి ఏ పుస్తకంలోవీ కావు. అవి విన్నప్పుడు నేను సరిచూడటం మానేసి తల దించుకునేదాన్ని.

ఇప్పుడు ఆలోచిస్తుంటే ఆ తిన్నె మీది ఆడవాళ్ళ ఓర్పు నాకు అందకుండా ఉంది. వాళ్ళేమీ సాధువులు కాదు. బిందె జరిపితే జుట్టు పట్టుకునేవాళ్ళు. ఎవరి కోడలు ఏ చీర కట్టిందో వారం రోజులు మాట్లాడుకునేవాళ్ళు. అయినా ఆ ఒక్క విషయంలో, ఒకరితో ఒకరు కూడబలుక్కోకుండానే, వీధి మొత్తం నోరు కట్టుకుంది. ఇప్పుడు మా తిరుపతి వీధిలో అది సాధ్యం కాదు. ఎవరైనా ఒక మాట ఎక్కువ చెబితే పక్కవాళ్ళు ఫోను తీస్తారు. "ఆ టైముకు నీళ్ళు అంత రాలేదు, సూడు, ఈడ వీడియోలో ఉండాది" అంటారు. జయమ్మ ఇంటాయన, తాను మంచాన్ని ఒక్కడే మిద్దెకెక్కించానని చెబుతుంటే ఎదురింటి కుర్రాడు ఇద్దరు మోస్తున్న వీడియో చూపించాడు. అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు, కానీ ఆ తర్వాత ఆ సంగతి ఎత్తలేదు. నిజం మా దగ్గర ఇప్పుడు పుష్కలంగా ఉంది. వినేవాళ్ళే కరువయ్యారు. అలాగని ఆ రోజులే మంచివని కూడా అనలేను. ఎందుకంటే నిజం ఆ తిన్నె మీదికీ వచ్చింది, నడిచి వచ్చింది, నేను కళ్ళారా చూశాను.

ఆ రోజు పుత్తూరు నుంచి మా అమ్మ తరఫు బంధువు ఒకామె వచ్చి ఉంది. ఎండ తిన్నె అంచుదాకా వచ్చింది. రత్తమ్మ ఆమెకు చెబుతోంది. చీర విప్పి చెట్టుకు కట్టుకునే చోటికి వచ్చింది. వీధిలో ఎవరో చేతిసంచీ పట్టుకుని ఇళ్ళు చూసుకుంటూ వచ్చి మా తిన్నె స్తంభం పక్కన ఆగారు. తెల్ల పంచె, చెమటకు అంటుకుపోయిన చొక్కా. మేము పట్టించుకోలేదు, మగ్గాల పనికి వచ్చినవాడు అనుకున్నాం. ఆయన కొంచెంసేపు విని, "ఏంటే రత్తీ అది?" అన్నాడు.

రత్తమ్మ తలెత్తి చూసి, "అన్నయ్యా" అంది. లేవబోయి లేవలేకపోయింది.

ఆమె పెద్దన్న. చెల్లెలు చాన్నాళ్ళుగా కబురు లేకుండా ఉంటే చిరునామా పట్టుకుని మద్రాసు రైల్లో వెతుక్కుంటూ వచ్చాడు. మంచి మనిషి, ముఖంలోనే తెలుస్తోంది. అందుకే మరీ కష్టంగా ఉంది తలుచుకుంటే. "చెట్టేమిటే? నువ్వెక్కడున్నావు అప్పుడు? మా ఇంట్లో ఉన్నావు గదే" అన్నాడు. తర్వాత మావైపు తిరిగి, మాకు శుభవార్త చెబుతున్నట్టు చెప్పుకొచ్చాడు. "మా అమ్మాయి బారసాలకి వచ్చిందండి. పిల్లల్ని అత్తగారి దగ్గర వదిలేసి వచ్చింది. పొద్దున్నే వెళ్ళిపోతానంటే మా ఆవిడ ఆపేసింది. గారెలకి పప్పు నానబోశాను, తిని వెళ్ళు వదినా అంది. ఆ ఒక్క రోజు ఆగబట్టి మా చెల్లెలు దక్కిందండి మాకు. దేవుడే ఆపాడు."

తిన్నె మీద రాట్నాలన్నీ ఆగిపోయాయి. పుత్తూరు బంధువు ఒకరి ముఖంనుంచి ఒకరి ముఖానికి చూస్తోంది. రత్తమ్మ వేళ్ళ మధ్య నూలు తెగిపోయి ఉంది. తెగిన కొసను ఆమె వెతుక్కుంటోంది, దొరకడం లేదు. ఇన్నాళ్ళూ నేను తెలుసుకోవాలని ఆరాటపడిన నిజం అదీ. ఆమెకు ఉప్పెన తెలియదు. చూడలేదు. ఆ పూట ఆమె ఎండిన నేల మీద, చుట్టాల ఇంట్లో, గారెలు తింటూ ఉంది. చెప్పడానికి ఆమె దగ్గర ఏమీ లేదు కాబట్టే అన్నాళ్ళు చెప్పలేదు.

లోపల మగ్గం ఆగింది. నాగేశ్వరరావు గుంటలోంచి లేచి గడప దాకా వచ్చాడు. ఒంటి నిండా నూలు దుమ్ము. ఆయన గొంతు మాలో చాలామంది అప్పటిదాకా సరిగ్గా వినలేదు.

"లేదు బావా" అన్నాడు. "రత్తమ్మ నాతోనే ఉంది."

"అదేంటి బావా, మేమే గదా..."

"నాతోనే ఉంది. నీకు గుర్తు లేదు."

కోపంగా అనలేదు. ఏ బండి ఎన్నింటికో చెప్పినట్టు అన్నాడు. అని లోపలికి పోయి గుంటలోకి దిగాడు. మగ్గం ఆడింది. అన్న ఇంకేదో అనబోతుంటే అవ్వ అడ్డుపడింది. "కాళ్ళు కడుక్కో నాయనా, ఎండన పడి వచ్చినావు. పాపా, చెంబుతో నీళ్ళు తీసుకరా పో" అంది. ఆయన మా అందరి ముఖాలూ చూశాడు. ఏం అర్థమయిందో ఏమో, కళ్ళు తుడుచుకుని కాళ్ళు కడుక్కున్నాడు. ఎదురింటామె మెల్లగా రాట్నం తిప్పింది, తర్వాత ఇంకొకరు. రత్తమ్మ ఒక్కతే చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

సాయంత్రం అన్న మా నాయనతో బజారువైపు పోయాడు. చుట్టిన కండెలు బుట్టలో వేసుకుని నేను మగ్గాల గదిలోకి వెళ్ళాను. నాగేశ్వరరావు మగ్గం కదలడం లేదు. రత్తమ్మ గుంట అంచున, ఆయన పక్కనే, కాళ్ళు లోపలికి వేలాడేసి కూర్చుని ఉంది. నేను తలుపు దగ్గరే ఆగిపోయాను.

"నీతోనే ఉన్నానన్నావు గదా. ఎక్కడున్నాను? చెప్పు" అంటోంది.

ఆయన నేసిన బట్ట మీద చెయ్యి రాస్తూ ఉండిపోయాడు.

"అడిగినన్నాళ్ళూ ఒక్క ముక్క చెప్పలేదు. ఇప్పుడు చెప్పు. నేనెక్కడున్నాను?"

ఆయన చెయ్యి బట్ట మీద ఆగింది. "చెట్టు కాదు రత్తమ్మా. చెట్టుదాకా పోయే వ్యవధి ఎక్కడుంది? కప్పు ఎక్కాం. అమ్మని ఎక్కించలేకపోయాను. పెద్దాడు నా వీపు మీద ఉన్నాడు. పాప..." అని ఆగాడు. మళ్ళీ మొదలుపెట్టాడు. "పాప నీ దగ్గరుంది. చెవి నొప్పెడుతోందని ఏడుస్తుంటే, ఇటు తిప్పి పడుకోబెట్టుకున్నావు, నొప్పి లేని వైపు. పాటేదో పాడావు. అది నిద్రపోయింది. నిద్రలోనే ఉంది, దానికేమీ తెలీదు."

"పెద్దాడో?"

"వాడు నిన్ను చూస్తూ ఉన్నాడు" అన్నాడాయన.

వెనకనుంచి అవ్వ నా రెక్క పట్టుకుని, బుట్ట అక్కడే దింపించి, పెరట్లోకి లాక్కుపోయింది. తర్వాత వాళ్ళు ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. దీపాలు పెట్టే వేళ దాటినా ఆ గదిలోకి ఎవరినీ పోనివ్వకుండా అవ్వ గడపలో పీట వేసుకుని కూర్చుంది. నాయన వచ్చి మగ్గం మీది బట్ట సంగతి అడగబోతే, "రేపు" అంది.

అన్న తిరిగి పోయేటప్పుడు వాళ్ళిద్దరూ ఆయనతో కలిసి రైలెక్కారు. ఉప్పెన తర్వాత రత్తమ్మ ఆ ఊరు చూడటం అదే మొదటిసారి. వెళ్ళేటప్పుడు మళ్ళీ వస్తామని చెప్పారు గాని, రారనే అనుకున్నాం. నాయన ఆ మగ్గం ఇంకొకరికి ఇవ్వడానికి మాట్లాడుతున్నాడు కూడా. ఒక మధ్యాహ్నం, నేను ఏదో పుస్తకం తెరవబోతుంటే, ఇద్దరూ మూటలతో వచ్చి దిగారు. నాగేశ్వరరావు నాయనకు దణ్ణం పెట్టి లోపలికి పోయాడు. రత్తమ్మ తిన్నె మీద కూర్చుని చెంబెత్తి నీళ్ళు తాగింది. ఆడవాళ్ళు ఏం అడగాలో తెలియక రాట్నాలు సర్దుకున్నారు. మా ఊళ్ళో అప్పట్లో బయటనుంచి ఎవరొచ్చినా మొదట అడిగే మాట ఒకటుండేది. అవ్వ అలవాటు కొద్దీ అదే అడిగేసింది.

"ఆడ వానలు ఎట్లుండాయమ్మా?"

అడిగాక గాని ఎవరిని అడిగిందో ఆమెకు తెలిసిరాలేదు. చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది.

రత్తమ్మ చెంబు కింద పెట్టి, నోరు తుడుచుకుని, "బాగా పడ్డాయి పిన్నిగారూ" అంది. "మా ఇల్లున్న చోట వరి నాట్లేశారు. పచ్చగా ఉంది."